అతుకు లేని ముక్కు

మెడలో సిలువ గొలుసున్న మనిషొకడు మోటార్‌సైకిల్ దిగి గుమ్మం ముందు నిలబడేసరికి, చర్చికి గంట కావాలని వచ్చాడనుకున్నాడు అప్పాజీ. గంటలు పోత పనివాళ్లు చేస్తారు. తనది రేకు పని. ఆ మాటే చెప్పబోయాడు. ఈలోగా వచ్చినాయన సంచీలోంచి కాగితం చుట్ట తీసి అరుగు మీద పరిచాడు. గాలికి ఎగరకుండా మూలల మీద అక్కడే ఉన్న ఇత్తడి గిన్నెలు బోర్లించాడు.

కాగితం మీద కారు బొమ్మ ఉంది. పైకప్పు లేదు. ఇద్దరు పట్టేంత చోటు. ముందు భాగం మాత్రం పొడుగ్గా సాగి, చివర నీళ్లలోంచి నోరు పైకెత్తిన చేపలా ఉంది.

"దీనికి ముక్కు చెయ్యాలండి," అన్నాడు.

"దేనికీ?"

"కారుకండి."

అప్పాజీ బొమ్మ వైపు, మనిషి వైపు మార్చి మార్చి చూశాడు. ఈ మనిషికి తన చిరునామా ఎవరు ఇచ్చి ఉంటారా అని ఆలోచించాడు.

పాలకొల్లు అవతల కాలవ గట్టు మీద ఉన్న ఆ ఇంట్లో మూడు తరాలుగా దేవుడి వాహనాలకు ఇత్తడి తొడుగులు చేస్తున్నారు. వడ్రంగి కర్రతో గరుడుణ్నో, హంసనో, ఏనుగునో చెక్కి ఇస్తాడు. అప్పాజీ దాని మీద ఇత్తడి రేకు పరిచి, కొట్టి, కొట్టి, కర్రకి చర్మంలా అంటుకునేలా చేస్తాడు. ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అయితే వాళ్లు ముఖాన్ని రెండు సగాలుగా చేసి మధ్యలో అతుకుతారు. ఆ అతుకు నామం కిందో, నగ కిందో దాచేస్తారు. అప్పాజీ ఇంట్లో ముఖం ఒకే రేకు. నామం తీసి చూసుకోండి అని తాతల కాలం నుంచి చెప్పుకునే గొప్ప అది. అప్పాజీ కూడా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉంటాడు.

ఆ గొప్పే ఈ మనిషిని ఇక్కడికి తెచ్చింది. పేరు ప్రసన్నకుమార్. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆనకట్ట రోడ్డు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు ఆయన పక్కనే కోరుకొండ వైపు వెళ్లే లారీ ఒకటి ఆగింది. దాని మీద కొత్త గరుడ వాహనం ఉంది. దాని చెంప మీద ఎండ ఎక్కడా విరగకుండా జారిపోవడం చూసి, బండి స్టాండు వేసి, లారీ ఎక్కి, బొటనవేలితో నొక్కి చూశాడు. అతుకు దొరకలేదు. డ్రైవరు తిట్టాడు. తిట్లు అయ్యాక ఎవరు చేశారో అడిగి తెలుసుకున్నాడు.

"అరవయ్యేళ్ల కిందట ఇంగ్లండులో పందేలకి తిరిగిన కారండి ఇది. అచ్చం అలాంటిదే ఇంట్లో కట్టుకుంటున్నాను. పైపులతో చట్రం నేనే వెల్డింగ్ చేశాను. తుక్కులో కొన్న చిన్న కారు ఇంజను ఎక్కించాను. నడుస్తుందండి. ఒంటి మీద బట్టే లేదు."

"రాజమండ్రిలో బస్సు బాడీలు కట్టేవాళ్లు లేరా?"

"అడిగానండి. రేకుని ఒకవైపు వంచుతారు. ఇటూ అటూ ఒకేసారి వంగాలంటే ముక్కలు కోసి అతుకు పెడతామంటున్నారు."

అతుకు అన్న మాట వినేసరికి అప్పాజీ వెన్ను నిటారైంది. లోపల్నుంచి భార్య లోవలక్ష్మి కాఫీ గ్లాసులు తెచ్చి బొమ్మ చూసింది.

"గరుత్మంతుడికి ముక్కు పెట్టినవాళ్లు కారుకి పెట్టలేరేంటి? ఒప్పేసుకోండి. ఆయన ఎగిరితే ఎలాగూ చూడలేం, ఇది పరిగెత్తితే చూద్దాం," అంది.

అప్పాజీ ఒప్పుకున్నాడు. ఒకే రేకు, ఎక్కడా అతుకు ఉండదు అని మాట ఇచ్చాడు. రేకు ఏ లోహమో మాత్రం అడగలేదు. ఆ ఇంట్లో రేకు అంటే ఇత్తడే. లేకపోతే రాగి.

తరవాతి ఆదివారం చర్చి అయ్యాక ప్రసన్నకుమార్ మినీ ఆటోలో దిగాడు. ప్లైవుడ్ పలకలు నిలువుగా, అడ్డంగా గుచ్చి తనే చేసిన ముక్కు నమూనా తెచ్చాడు. దాంతోపాటు తెల్లటి రేకులు రెండు. అప్పాజీ గోటితో గీసి చూసి మొహం చిట్లించాడు.

"ఇది సత్తు కదండీ!"

అల్యూమినియాన్ని ఆ ప్రాంతంలో సత్తు అంటారు. అప్పాజీ తాత రోజుల్లో సత్తు గిన్నెలు బజారుకి వచ్చాక ఇత్తడి బిందెలు, గుండిగలు కొనేవాళ్లు సగానికి పడిపోయారు. బిందెలు చేసే అన్నదమ్ములు తాపీ పనికి వెళ్లిపోయారు. తాత గుమ్మంలో నిలబడి, సత్తన్నది ఈ గడప దాటడానికి వీల్లేదన్నాడు. అప్పటి నుంచి దాటలేదు. స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది, మిక్సీ వచ్చింది, సత్తు రాలేదు. లోవలక్ష్మి ఇప్పటికీ పప్పు కళాయి పెట్టిన ఇత్తడి గిన్నెలోనే వండుతుంది.

"ఇత్తడితో అయితే బరువుకి ముందు చక్రాలు తిరగవండి. అసలు కారుకి కూడా ఇదే వాడారు," అన్నాడు ప్రసన్నకుమార్.

అప్పాజీ రేకుని ఒక చివర ఎత్తి బరువు చూశాడు. తాత మాట గిన్నెల గురించి, కారు గురించి కాదు కదా అని చివరికి సర్దిచెప్పుకున్నాడు. రేకుల్ని ఇంట్లోకి తీసుకెళ్లకుండా పెరటి దారిన షెడ్డులోకి చేర్పించాడు.

"లోహం లోహమేనండి. సుత్తి మాట విననిదాన్ని నేనింతవరకూ చూళ్లేదు."

"కాక పెట్టే ముందు దీనికి సబ్బు రాయాలటండి. సబ్బు నల్లబడగానే మంట ఆపెయ్యాలట. వీడియోల్లో చూశాను."

"స్నానం కూడా చేయిస్తాలెండి, తల తుడిచి పంపిస్తాను," అన్నాడు అప్పాజీ నవ్వుతూ.

నమూనాలో పలకల మధ్య ఖాళీలు ఆయనకి నచ్చలేదు. ఊక కలిపిన బంకమట్టి కూరి, ఎండబెట్టి, గట్టిపరిచాడు. ఇసుక సంచి మీద మొదటి రేకు వేసి కొయ్య సుత్తితో మొదలుపెట్టాడు. ఆశ్చర్యం, అది వెన్నలా లొంగింది. ఇత్తడిలో పూట పట్టే గుంట ఇందులో చుట్ట కాలేలోపు వచ్చేసింది. ఈ తేలికకి అప్పాజీకి లోలోపల సరదా పుట్టింది. చిన్నచూపు కూడా పెరిగింది.

ఏ రేకైనా కొట్టగా కొట్టగా బిగుసుకుంటుంది. అప్పుడు కొలిమిలో కాల్చి మళ్లీ మెత్తబరచాలి. బిగుసుకున్న సంగతి అప్పాజీకి సుత్తి చప్పుడే చెబుతుంది. మెత్తబడిన సంగతి రంగు చెబుతుంది. ఇత్తడి ముదురు దొండపండు రంగుకి రాగానే తీసెయ్యాలి. ఆ రంగు వెలుతుర్లో సరిగ్గా కనబడదు. అందుకే ఆ షెడ్డుకి కిటికీలు లేవు. తలుపు మూస్తే పట్టపగలు కూడా చీకటి.

అప్పాజీ తలుపు మూసి, కొబ్బరిచిప్పల బొగ్గు మీద రేకు పెట్టి, రంగు కోసం చూశాడు. రాలేదు. బ్లోయరు పెంచాడు. రేకు తెల్లగా, వేడికీ తనకీ సంబంధం లేనట్టు ఉంది. మొండిది అనుకుని ఇంకాస్త పెంచాడు. రంగు రాలేదు గానీ, రేకు నడిమధ్య తడిగుడ్డలా జారింది. పట్టకారు అందుకునేలోపు బొగ్గుల్లోకి కారిపోయింది. అంచులు మాత్రం చేతికి మిగిలాయి.

ఆదివారం ప్రసన్నకుమార్ వచ్చి, గడ్డకట్టిన ముద్దని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. కోప్పడలేదు. ఆయనకి అది కూడా వింతగానే ఉన్నట్టుంది.

"ఎంతసేపు ఉంచారండి?"

"రంగు వచ్చేదాకా."

"దీనికి రంగు రాదండి. కరిగే క్షణం దాకా తెల్లగానే ఉంటుంది."

"ఆ ముక్క ముందే చెప్పాలా వద్దా?"

"చెప్పానండి. సబ్బు అన్నాను. మీరు తల తుడిచి పంపిస్తానన్నారు."

లోపల లోవలక్ష్మి నవ్వు దాచుకోవడానికి గిన్నెలు గట్టిగా సర్దింది.

ప్రసన్నకుమార్ మిగిలిన రేకుని చూపించాడు. ఇంత మెత్తటి రకం అందరి దగ్గరా ఉండదు. ఈ రెండూ ఒక దుకాణంలో అడుగున పడి ఉంటే దొరికాయి. "ఇది కూడా పోతే ఫైబరుతో కానిచ్చేస్తానండి. కాకినాడలో పడవలు చేసే ఆయన చేసిస్తానన్నారు. మీ మీద కోపంతో అనుకోకండి. ఇది మన వల్ల అయ్యేది కాదేమో."

కోపంతో అని ఉంటే అప్పాజీ జవాబు చెప్పి ఉండేవాడు. కోపం లేకుండా అన్నాడు కాబట్టి ఆ మాట దిగిపోయింది. ఉన్నది ఒక్క రేకు. అందులోంచి అతుకు లేని ముక్కు రావాలి. రాకపోతే కారుకి ప్లాస్టిక్ మొహం వస్తుంది. ఫలానా అప్పాజీ వల్ల కాలేదన్న మాట ధవళేశ్వరం దాకా ఉంటుంది.

కరగ్గా మిగిలిన అంచుల్ని కత్తిరించి సబ్బు రాసి కాల్చి చూశాడు. చీకట్లో సబ్బు ఎప్పుడు నల్లబడిందో కనబడలేదు. కొన్ని ముక్కలు కరిగాయి. కొన్ని కాలకముందే తీశాడేమో, సుత్తి వేస్తే పగిలాయి. రెండు మాత్రం బాగా వచ్చాయి. ఎందుకు వచ్చాయో తెలియలేదు. తెలియకుండా వచ్చినదాన్ని నమ్మి చివరి రేకుని నిప్పుల మీద పెట్టే ధైర్యం లేదు.

"సత్తు సంగతి తెలిసిన మనిషి బజార్లో ఉన్నాడు. మీరే వెళ్లి అడగరు," అంది లోవలక్ష్మి.

"ఎవరు?"

"ఎవరో మీకు తెలీదా ఏంటి?"

తెలుసు. యెహెజ్కేలు. పాలకొల్లు బజార్లో షామియానా సామాన్లు అద్దెకిచ్చే కొట్టు పక్కన టార్పాలిన్ కట్టుకుని, పెళ్లి వంటల్లో సొట్టలు పడ్డ పెద్ద పెద్ద సత్తు డేగిసాలు సరిచేస్తాడు. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిపందిట్లో, నలుగురి ముందు, "చచ్చిన లోహానికి వైద్యం చేస్తాడయ్యా యెహెజ్కేలు" అన్నాడు అప్పాజీ. అందరూ నవ్వారు. యెహెజ్కేలు కూడా నవ్వాడు. తరవాత ఎప్పుడు ఎదురుపడినా నమస్కారం పెట్టేవాడు, నిలబడేవాడు కాదు.

అప్పాజీ బజారుకి వెళ్లి, ముందు అరటికాయలు బేరమాడి, తరవాత సైకిల్ షాపు దగ్గర నిలబడి, చివరికి టార్పాలిన్ కిందకి వచ్చాడు. యెహెజ్కేలు మనిషి లోపల పట్టేంత డేగిసాని బోర్లించి కొడుతున్నాడు.

"రండి అప్పాజీగారూ. కూర్చోండి. మీకు వెయ్యడానికి ఇత్తడి పీట లేదండి మా దగ్గర."

"పీటకి రాలేదులే. నీతో పనుంది."

"నాతోనా? మేం చచ్చినవాళ్లకి వైద్యం చేసేవాళ్లం కదండీ. ఎవరు పోయారు?"

"రేకు పోయింది," అన్నాడు అప్పాజీ. తప్పదని మొత్తం చెప్పాడు. రంగు కోసం చూశానన్న చోట యెహెజ్కేలు సుత్తి కింద పెట్టి, తల పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని, కారు గురించి రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పాజీ పరువు కన్నా ఇప్పుడు ఆ కారే అతనికి ఆసక్తిగా ఉన్నట్టుంది.

"చూడండి," అని ఒక సత్తు మూత తీసి గ్యాసు మంట మీద పెట్టాడు. కొత్త చీపురులోంచి పుల్ల లాగి, మూత మీద గీశాడు. పుల్ల గరగరమంది. కాసేపాగి మళ్లీ గీశాడు. మళ్లీ గరగర. మూడోసారి నూనె రాసినట్టు జారి, వెనక గోధుమరంగు గీత వదిలింది. వెంటనే మంట తీసేశాడు.

"అంతేనండి, మెత్తబడింది. సబ్బు కూడా మంచిదే. దానికి కళ్లు కావాలి. పుల్లకి చెయ్యి చాలు."

అప్పాజీ పుల్ల అడిగి తీసుకుని, తనే గీసి చూశాడు. నాలుగైదు మూతలు పాడయ్యేదాకా వదల్లేదు.

"నువ్వు వచ్చి కాక చూడాలయ్యా. సుత్తి నేను వేస్తాను."

"వస్తానండి. కానీ మీ షెడ్డులో గబ్బిలాలు కూడా తడుముకుంటాయంటారు. గోడ తీసెయ్యాలి. ఇంకోటండి. మధ్యాహ్నం నా అన్నం సత్తు క్యారేజీలో వస్తుంది."

అప్పాజీ లేచి నిలబడ్డాడు. ఇంటిదారి పట్టాడు. మర్నాడు షెడ్డుకి కాలవ వైపు గోడ రేకులు విప్పించాడు. చేలకి వెళ్లేవాళ్లు సైకిళ్లు ఆపి, ఇన్నేళ్లుగా చప్పుడే తప్ప చూడని పనిని గట్టు మీద నిలబడి చూశారు. మధ్యాహ్నం యెహెజ్కేలు క్యారేజీ పట్టుకుని పెరట్లో తచ్చాడుతుంటే లోవలక్ష్మి, "అక్కడ ఎండలో ఏంటి, వసారాలోకి రా బాబూ," అంది. తాత గుమ్మంలో నిలబడి ఏమన్నాడో ఆవిడ గుర్తుచేయలేదు. అప్పాజీ కూడా చెయ్యలేదు.

పని రోజుల తరబడి సాగింది. అప్పాజీ కొట్టేవాడు. చప్పుడు బిగియగానే ఆపేవాడు. యెహెజ్కేలు గ్యాసు మంట గొట్టం చేత్తో పట్టుకుని, పుల్లతో అక్కడక్కడ గీస్తూ, రేకు చుట్టూ తిరిగేవాడు. మొదట్లో ఇద్దరికీ పడలేదు. అప్పాజీ వేసే దెబ్బలు ఇత్తడికి తగినవి. సత్తు అవి పడితే సాగి పల్చనైపోతుంది. "అది ఏనుగు కాదండి, నెమ్మది," అనేవాడు యెహెజ్కేలు. "నీది డేగిసా కాదు, అంచు చూసుకో," అనేవాడు అప్పాజీ. కొన్నాళ్లకి మాటలు తగ్గాయి. చప్పుడు మారగానే యెహెజ్కేలే మంట వెలిగించేవాడు. పుల్ల జారగానే అప్పాజీయే సుత్తి అందుకునేవాడు.

బుగ్గలు వచ్చాయి. ముక్కు దూలం వచ్చింది. చివరికి చేపనోటి లాంటి ఆ రంధ్రం దగ్గరికి వచ్చారు. దాని అంచు లోపలికి గుండ్రంగా తిరగాలి. రేకు ఎక్కువ సాగేది అక్కడే. అన్ని వైపులా తిరిగింది. కింది పెదవి మాత్రం బొమ్మలో ఉన్నదానికి ఒక వేలు వెడల్పు తక్కువగా ఆగింది.

"ఇంకొక్క కాక పెట్టు," అన్నాడు అప్పాజీ.

యెహెజ్కేలు మంట వెలిగించలేదు. పెదవిని బొటనవేలితో నొక్కాడు. రేకు పూరీ పైపొరలా లోపలికి పోయి, మళ్లీ పైకి వచ్చింది.

"కాకతో పనిలేదండి. కాక మెత్తబరుస్తుంది గానీ, రేకుని పుట్టించదు. ఇక్కడ రేకే అయిపోయింది."

"నాలుగు దెబ్బల పని."

"మూడో దెబ్బకి చిరుగుతుంది. చిరిగితే అతుకు వెయ్యాలి. మీ ఇష్టం అండి, మీ రేకు."

అప్పాజీ సుత్తి ఎత్తాడు. ఇత్తడైతే ఆయనకి అనుమానమే లేదు, వేసేసేవాడు. గట్టు మీద జనం చూస్తున్నారు. బొమ్మ ప్రకారం చేసిస్తానన్నదీ తనే. అతుకు ఉండదన్నదీ తనే. ఆ రెండు మాటలూ విడివిడిగా నిలబడతాయని ఇంతవరకు ఆయన ఎప్పుడూ అనుకోలేదు. సుత్తి దించి, పిడితో పెదవిని మెల్లగా తట్టి, ఆ చప్పుడు విన్నాడు. పల్చటి, ఖాళీ చప్పుడు. సుత్తిని ఇసుక సంచి మీద పడేసి, బయటకి వచ్చి కాలవలో చేతులు కడుక్కున్నాడు. సగంలో ఆపిన పని ఆ షెడ్డులోంచి ఇంతవరకు బయటకి పోలేదు.

ఆదివారం ప్రసన్నకుమార్ వచ్చాడు. అప్పాజీ ముందే చెప్పేశాడు.

"అతుకు లేదండి. కానీ మీ బొమ్మ రాలేదు. కింద ఒక వేలు తక్కువ."

ప్రసన్నకుమార్ ముక్కు చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్లీ తిరిగాడు. ఎండ బుగ్గ మీదుగా దూలం దాకా జారడం చూడ్డానికి వంగుని, మోకాళ్ల మీద కూర్చుని, పక్కకి ఒరిగి చూశాడు. తరవాత తనతో తెచ్చిన ప్లైవుడ్ అచ్చుని ముక్కు మీద నిలబెట్టాడు. ముక్కు అసలు ఎలా ఉండాలో కొలిచి కోసిన పలక అది. నుదురు దగ్గర కలిసింది. దూలం దగ్గర కలిసింది. కింది పెదవి దగ్గర మాత్రం రేకు ముందే ఆగిపోయి, పలక కొస ఒక వేలు మిగిలిపోయింది. అక్కడ వేలు పెట్టి చూశాడు.

"రంపం ఉందా అండీ?" అన్నాడు.

పెదవి కోసేసి, వేరే ముక్క పెట్టించుకుంటాడు కాబోలు అనుకున్నాడు అప్పాజీ. "దేనికండీ?" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు, జేబులో పెన్సిలు వెతుక్కుంటున్నాడు. రంపం లోవలక్ష్మి తెచ్చి ఇచ్చింది.

ప్రసన్నకుమార్ పెన్సిలు మొనని రేకు పెదవికి ఆనించి, దాని వెంటే నెమ్మదిగా లాగి, ప్లైవుడ్ మీద గీత గీశాడు. పలకని దించి, అరుగు అంచున పెట్టి, మోకాలితో నొక్కి, ఆ గీత వెంట కోసేశాడు. కోసిన ముక్క కింద పడింది. పలకని మళ్లీ ముక్కు మీద పెట్టాడు. పైనుంచి కింద దాకా ఎక్కడా తేడా లేదు.

"సరిపోయిందండి," అన్నాడు.

"అదేంటండీ, బొమ్మ తప్పు కాదు కదా!" అన్నాడు అప్పాజీ. పాస్ చేసిన మాస్టారితో దెబ్బలాడే కుర్రాడిలా ఉంది ఆయన గొంతు.

"బొమ్మ నేను గీసిందేనండి. ఆ నోట్లో వచ్చే గ్రిల్లు ఒక వేలు కిందకి దించి మళ్లీ గీస్తాను. పూట పని." ప్రసన్నకుమార్ అరచేతిని ముక్కు మీద నుదుటి నుంచి పెదవి దాకా లాగాడు. "ఈ చెంప నేను గీయలేదు. ఇంతకన్నా చదునుగా గీశాను. ఇలా ఎందుకు వచ్చింది?"

అప్పాజీ, యెహెజ్కేలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కడ గరుడుడు వచ్చేశాడండి," అన్నాడు యెహెజ్కేలు. "నేను చెబుతూనే ఉన్నాను, వింటేగా."

"నీ డేగిసా అంచు రానివ్వలేదు, అది చాలు," అన్నాడు అప్పాజీ. ప్లైవుడ్ పలకని ప్రసన్నకుమార్ చేతిలోంచి తీసుకుని, కోసిన చోట వేలితో తడిమి, మళ్లీ తన చేత్తోనే ముక్కు మీద పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.